టీ తరంగం ముగిసే చోటు

ఈసీజీ కాగితం యంత్రంలోంచి బయటికి రాగానే చూసేవారి కళ్ళు నిటారుగా లేచిన పొడవాటి గీతల మీదికే వెళ్తాయి. అది సహజమే, ఎందుకంటే గుండె కొట్టుకుంటున్నదన్న సంగతిని చెప్పేవి ఆ గీతలే. ఈసీజీ టెక్నీషియన్‌గా పద్దెనిమిదేళ్ళు పనిచేసిన తరువాత నా కళ్ళు మాత్రం ఆ గీతను దాటి, దాని వెనుక మెల్లగా లేచి మెల్లగా వాలే చిన్న గుట్ట దగ్గర, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే ఆ గుట్ట వాలు వచ్చి అడుగు గీతను తాకే చోట ఆగుతున్నాయి. ఆ గుట్టను టీ తరంగం అంటారు. ప్రాణాల మీదికి తెచ్చే లయ తప్పిదాలలో ఎన్నో ఆ వాలు మీదనే పుడతాయని, వాటి ఆనవాళ్ళు చాలాసార్లు గుండె సవ్యంగా కొట్టుకుంటున్న రోజునే కాగితం మీద కనిపిస్తాయని నేను గట్టిగా నమ్ముతాను. నేను డాక్టరును కాను, రిపోర్టు కింద సంతకం నాది కాదు. అయినా కాగితాన్ని అందరికంటే ముందు చూసేది నేనే కాబట్టి, ఏం చూడాలో తెలుసుకోవడం నా బాధ్యత అనుకొని ఇన్నేళ్ళుగా చదువుకున్నదీ, కళ్ళారా చూసినదీ ఇక్కడ రాస్తున్నాను.

గుండె పై గదుల్లో ఒకటైన కుడి కర్ణిక పైభాగంలో ఉండే సైనస్ నోడ్ నిమిషానికి 60 నుంచి 100 సార్లు విద్యుత్ ప్రేరణను పుట్టిస్తుంది. అది రెండు కర్ణికల్లో వ్యాపించినప్పుడు కాగితం మీద పీ తరంగం పడుతుంది. తరువాత పై గదులకూ కింది గదులకూ మధ్యనున్న ఏవీ నోడ్ దగ్గర కాసేపు ఆగి, ప్రేరణను మోసుకుపోయే హిస్ కట్ట మీదుగా, పర్కింజీ తంతువుల మీదుగా కింది గదులైన జఠరికల కండరమంతా దాదాపు ఒక్కసారిగా పాకుతుంది. అప్పుడు పడేదే క్యూఆర్‌ఎస్ అనే నిటారు గీత. ఆరోగ్యంగా ఉన్న గుండెలో దానికి పట్టే కాలం సుమారు 70 నుంచి 100 మిల్లీసెకన్లు, అంటే సెకనులో పదో వంతుకు మించదు. ఈ అక్షరాలను పెట్టినవారు నెదర్లాండ్స్ శాస్త్రవేత్త విల్లెమ్ ఐంతోవెన్. రోగి రెండు చేతులనూ ఒక కాలినీ ఉప్పునీటి పాత్రల్లో ముంచి, సన్నటి తీగ ఉన్న గాల్వనోమీటరుతో ఆయన ఈ గీతలను నమోదు చేశారు. ఆ కృషికి 1924లో నోబెల్ బహుమతి అందుకున్నారు. నేను ఛాతీ మీద జెల్ రాసి క్లిప్పులు పెట్టే ప్రతిసారీ ఆ ఉప్పునీటి పాత్రలు నాకు గుర్తుకు వస్తాయి, ఎందుకంటే చర్మానికీ తీగకూ మధ్య తడి ఉండాలన్న అవసరం ఈనాటికీ మారలేదు.

ప్రేరణ పాకడం క్షణంలో అయిపోతుంది, తిరిగి సర్దుకోవడానికే సమయం పడుతుంది. నరాల కణం ఒకటి రెండు మిల్లీసెకన్లలో తన పని ముగించుకుంటే, జఠరిక కండర కణం సుమారు 300 మిల్లీసెకన్ల పాటు ఉత్తేజిత స్థితిలోనే ఉండిపోతుంది. మొదట సోడియం కణంలోకి దూసుకువస్తుంది, తరువాత కాల్షియం నిదానంగా లోపలికి వచ్చి కండరాన్ని బిగిస్తుంది, చివరికి పొటాషియం బయటికి పోవడం వల్ల కణం మళ్ళీ మొదటి స్థితికి చేరుతుంది. ఈ చివరి దశను వైద్యులు రీపోలరైజేషన్ అంటారు, నేను దీన్ని కోలుకోవడం అంటాను. కోట్లాది కణాలు కలిసి కోలుకుంటున్నప్పుడు కాగితం మీద పడే నీడే టీ తరంగం. క్యూ మొదలైన చోటు నుంచి టీ ముగిసే చోటు దాకా ఉన్న దూరమే క్యూటీ.

కోలుకోవడానికి ఇంత సమయం తీసుకోవడంలో ఒక రక్షణ ఉంది. కోలుకోని కణం ఇంకో ప్రేరణకు స్పందించదు, అందువల్ల ఒకసారి పాకిన అల వెనక్కి తిరగలేక అక్కడికక్కడే ఆరిపోతుంది. ఎండిన గడ్డి మైదానంలో ఒక చివర నిప్పు అంటుకుంటే మంట అవతలి చివరిదాకా వెళ్ళి ఆరిపోవడం, కాలిన నేల మీద మళ్ళీ గడ్డి మొలిచేదాకా రెండో మంటకు చోటు లేకపోవడం వంటిదే ఇది. ఇప్పుడు ఆ మైదానంలో కొన్ని చోట్ల గడ్డి త్వరగా, కొన్ని చోట్ల ఆలస్యంగా మొలుస్తున్నదని అనుకోండి. సరిగ్గా ఆ సమయంలో ఇంకో నిప్పురవ్వ పడితే, మంట మొలిచిన చోట్ల గుండా దారి వెతుక్కుంటూ, మొలవని చోట్లను చుట్టి వచ్చి, తాను బయలుదేరిన చోట మళ్ళీ మొలిచిన గడ్డిని అంటుకుంటుంది. ఇక ఆ మంటకు ముగింపు ఉండదు. జఠరికల్లో ఈ సుడిమంట లేచినప్పుడు అది ఒకే దారిలో తిరుగుతుంటే వెంట్రిక్యులర్ టాకికార్డియా అని, ముక్కలై అన్ని దిక్కులా చెల్లాచెదురైతే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అని అంటారు. రెండో స్థితిలో గుండె కొట్టుకోదు, వణుకుతుంది. రక్తం ముందుకు కదలదు. పది పదిహేను సెకన్లలోపే మనిషి స్పృహ తప్పుతాడు. హఠాన్మరణాలకు ఈ వణుకే కారణం కావచ్చునని స్కాట్లాండ్ శాస్త్రవేత్త జాన్ మెక్‌విలియం 1889లోనే రాశారు.

కాబట్టి ప్రమాదానికి రెండు కావాలి: ఎగుడుదిగుడుగా కోలుకుంటున్న కండరం ఒకటి, తప్పు సమయంలో పడే నిప్పురవ్వ ఒకటి. ఆ నిప్పురవ్వ సాధారణంగా జఠరికలో ముందుగా పుట్టే ఒక అదనపు స్పందన, అందరూ ఎక్టోపిక్ అని పిలిచేది. అది ముందటి స్పందన టీ తరంగపు శిఖరం దగ్గర పడినప్పుడు దాన్ని ఆర్ ఆన్ టీ అంటారు. ఎక్టోపిక్‌లు ఉన్నాయని తెలియగానే భయపడిపోయి వచ్చేవారిని నేను చాలామందిని చూశాను. గుండె కండరం ఆరోగ్యంగా ఉన్నవారిలో అప్పుడప్పుడు వచ్చే ఎక్టోపిక్‌ల వల్ల సాధారణంగా హాని ఉండదని వైద్యులు వారికి ధైర్యం చెబుతుంటారు, అది నిజం. నిప్పురవ్వ కన్నా నేల స్థితే ముఖ్యమని వైద్య ప్రపంచానికి నేర్పిన పాఠం కూడా ఒకటి ఉంది. గుండెపోటు వచ్చి బతికినవారిలో ఎక్టోపిక్‌లను మందులతో అణచివేస్తే హఠాన్మరణాలు తగ్గుతాయన్న ఆశతో క్యాస్ట్ అనే పెద్ద పరీక్ష జరిపారు. ఫ్లెకైనైడ్, ఎన్‌కైనైడ్ అనే మందులు ఎక్టోపిక్‌లను చక్కగా తగ్గించాయి, కాని ఆ మందులు వాడినవారిలోనే ఎక్కువమంది చనిపోయారు. 1989లో ఆ ఫలితాలు వెలువడినప్పుడు అప్పటిదాకా సాగిన వైద్యమే మారిపోయింది. నిప్పురవ్వలను ఏరివేసిన మందులే నేలను మరింత ప్రమాదకరంగా మార్చాయన్నమాట.

ఇక కొలత సంగతికి వస్తాను. ఈసీజీ కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో నడుస్తుంది. ఒక చిన్న గడి 40 మిల్లీసెకన్లు, అయిదు చిన్న గళ్ళు కలిసిన పెద్ద గడి 200 మిల్లీసెకన్లు. ఎవరి క్యూటీ అయినా 11 చిన్న గళ్ళు ఉంటే అది 440 మిల్లీసెకన్లు. అయితే గుండె వేగం పెరిగినప్పుడు క్యూటీ తనంతట తానే కుదించుకుపోవాలి కాబట్టి, వేగంతో సరిచూడకుండా ఆ సంఖ్యకు అర్థం లేదు. క్యూటీని రెండు స్పందనల మధ్య కాలపు (సెకన్లలో) వర్గమూలంతో భాగించమని 1920లో బాజెట్ అనే శాస్త్రవేత్త సూచించారు. దానికి పేరు క్యూటీసీ. నిమిషానికి 60 సార్లు కొట్టుకునే గుండెలో 440 అంటే 440 గానే ఉంటుంది, అది మామూలే. అదే 440 నిమిషానికి 100 సార్లు కొట్టుకునే గుండెలో కనిపిస్తే బాజెట్ లెక్క 568 అని చెబుతుంది. వేగం ఎక్కువైనప్పుడు ఈ సూత్రం సంఖ్యను పెంచి చూపిస్తుందన్నది ఒప్పుకోవలసిన లోపం. అదే సంవత్సరం ఫ్రిడెరీసియా సూచించిన ఘనమూల సూత్రంతో చూస్తే అది 522 అవుతుంది. ఏ లెక్కన చూసినా ఆ కాగితాన్ని పక్కన పెట్టేయకూడదు. స్థూలంగా మగవారిలో 450, ఆడవారిలో 460 దాటితే జాగ్రత్తగా చూస్తారు, 500 దాటితే ప్రమాదం స్పష్టంగా పెరిగిందని భావిస్తారు. చేతిలో స్కేలు లేకపోయినా ఒక ఉపాయం ఉంది: మామూలు వేగంలో ఉన్న గుండెలో టీ తరంగం రెండు నిటారు గీతల మధ్య దూరంలో సగం దాటక ముందే ముగియాలి.

ఈ కొలతను యంత్రమే చేసి కాగితం పైన అచ్చు వేస్తుంది కదా అని చాలామంది అనుకుంటారు. నేనూ మొదటి సంవత్సరాల్లో అలాగే అనుకున్నాను. అభిప్రాయం మారిన రోజు నాకు బాగా గుర్తుంది.

ఒక అమ్మాయిని ఆమె తల్లి తీసుకువచ్చింది. పదహారేళ్ళు ఉంటాయి. రెండేళ్ళలో నాలుగుసార్లు ఫిట్స్ వచ్చాయట, మందులు వాడుతున్నా తగ్గలేదట. కొత్త డాక్టరు గారు ఎందుకైనా మంచిదని ఈసీజీ రాసి పంపారు. లీడ్లు, అంటే ఒంటికి తగిలించే తీగలు పెడుతూ, ఎప్పుడు వస్తాయమ్మా అని మాట వరసకు అడిగాను. "తెల్లవారుజామున అలారం మోగితే లేస్తూ లేస్తూ పడిపోయాను మేడమ్. ఇంకోసారి ఫోన్ మోగినప్పుడు," అంది. తల్లి అందుకొని, "నిద్ర సరిపోక అలా అవుతుందని చెప్పారండీ," అంది. యంత్రం కాగితాన్ని బయటికి నెట్టింది. పై వరుసలో క్యూటీ 400, క్యూటీసీ 447, కింద నార్మల్ అనే మాట. నేను దాన్ని చింపి కవరులో పెట్టబోతూ, అలారం అన్న మాట మనసులో మెదిలి ఆగాను.

టీ తరంగం చాలా పొట్టిగా ఉంది. దాని మీద ఒంటె వీపులాగా రెండు మూపురాలు ఉన్నాయి. యంత్రం మొదటి మూపురం వాలు దగ్గరే టీ అయిపోయిందని లెక్కవేసి, రెండోదాన్ని టీ తరువాత కొన్నిసార్లు వచ్చే యూ తరంగం అనే చిన్న అలగా భావించి వదిలేసింది. రెండో లీడ్‌లోనూ, వీ5 లోనూ కాగితాన్ని దీపానికి దగ్గరగా పట్టుకొని చూశాను. రెండు మూపురాల మధ్య పల్లం అడుగు గీతను తాకనే లేదు, అంటే అవి రెండూ ఒకే టీ తరంగంలోని భాగాలు. చివరి వాలు వెంట పెన్సిలుతో ఒక వాలు గీత గీసి, అది అడుగు గీతను ఎక్కడ కోసిందో గుర్తు పెట్టి గళ్ళు లెక్కపెట్టాను. పన్నెండున్నర. అంటే 500 మిల్లీసెకన్లు. స్పందనల మధ్య దూరం 20 గళ్ళు, అంటే వేగం నిమిషానికి 75. బాజెట్ లెక్కన క్యూటీసీ 559. మళ్ళీ లెక్కపెట్టాను, అంతే వచ్చింది. ఆ అమ్మాయిని మంచం దిగవద్దని చెప్పి, కాగితం పట్టుకొని నేనే డాక్టరు గారి గదికి వెళ్ళాను. కవరులో పెట్టి పంపి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన ఈనాటికీ నన్ను వదలదు.

పుట్టుకతో వచ్చే ఈ జబ్బును లాంగ్ క్యూటీ సిండ్రోమ్ అంటారు. సుమారు 2,000 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. పుట్టు చెవుడు, మాటిమాటికీ స్పృహ తప్పడం, పొడవైన క్యూటీ, హఠాన్మరణం ఒకే కుటుంబంలోని పిల్లల్లో కలిసి కనిపించడాన్ని 1957లో నార్వేలో జెర్వెల్, లాంగే నీల్సన్ అనే వైద్యులు వర్ణించారు. చెవుడు లేని రకాన్ని 1963లో రొమానో, 1964లో వార్డ్ విడివిడిగా వర్ణించారు. 1990ల నడుమ దాని వెనుక ఉన్న జన్యువులు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. అవన్నీ కణపు గోడలో సోడియం, పొటాషియం వంటి అయాన్లు రాకపోకలు సాగించే ద్వారాలకు సంబంధించినవే. నాకు ఎంతో ఆశ్చర్యం కలిగించే విషయం ఏమిటంటే, ఏ ద్వారం పాడైందన్నదాన్ని బట్టి ప్రమాదం వచ్చే సందర్భం కూడా మారుతుంది. మొదటి రకంలో పరుగెత్తినప్పుడు, ముఖ్యంగా ఈత కొడుతున్నప్పుడు స్పృహ తప్పుతుంది. రెండో రకంలో అలారం, ఫోన్ వంటి హఠాత్తు శబ్దాలు, ఉలికిపాటు కారణమవుతాయి. ఈ రకంలో టీ తరంగం పొట్టిగా, నొక్కుపడి ఉంటుంది. మూడో రకంలో నిద్రలోనో, విశ్రాంతిగా ఉన్నప్పుడో వస్తుంది. అందుకే మూర్ఛపోయిన మనిషి కథ వినకుండా కాగితాన్ని చదవడం సగం చదువే అవుతుంది. అలారం అన్న ఆ ఒక్క మాట నా చెవిన పడకపోతే ఆ మూపురాలను నేను గమనించేదాన్ని కాదు.

ఇలాంటివారికి ఫిట్స్ అని పేరు పడడానికి కారణం కూడా ఉంది. గుండె లయ తప్పి మెదడుకు రక్తం ఆగినప్పుడు చేతులూ కాళ్ళూ కొట్టుకోవడం, కళ్ళు తేలవేయడం జరుగుతాయి. చూసేవారికి అది అచ్చంగా మూర్ఛవ్యాధిలాగే ఉంటుంది. లయ తనంతట తాను సర్దుకుంటే మనిషి లేచి కూర్చుంటాడు, సర్దుకోకపోతే లేవడు. ఫిట్స్ మందులకు లొంగని మూర్ఛలకు, పరుగులోనో ఈతలోనో ఉలికిపాటులోనో వచ్చే మూర్ఛలకు, ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా కారణం తెలియకుండా పోయిన చరిత్ర ఉన్నవారి మూర్ఛలకు ఈసీజీ తీయడం, తీసినదాన్ని చేత్తో కొలవడం తప్పనిసరి అని నేను ఎవరు అడిగినా చెబుతాను.

పుట్టుకతో ఏ లోపమూ లేనివారిలో కూడా మందుల వల్ల క్యూటీ పొడవు కావచ్చు. రెండో రకంలో పాడయ్యే పొటాషియం ద్వారానికి హెర్గ్ అని పేరు. దాని లోపలి గది విశాలంగా ఉండడం వల్ల రకరకాల మందుల అణువులు అందులో చొరబడి దారిని మూసేయగలవు. అలెర్జీకి వాడిన టెర్ఫెనడిన్, కడుపుబ్బరానికి వాడిన సిసాప్రైడ్ ఈ కారణం వల్లనే చాలా దేశాల్లో మార్కెట్ నుంచి వెళ్ళిపోయాయి. ఇప్పటికీ వాడుకలో ఉన్న కొన్ని యాంటీబయోటిక్‌లకు, మానసిక వ్యాధుల మందులకు, వాంతుల మందులకు, ఆఖరికి లయను సరిచేయడానికి ఇచ్చే సోటలాల్ వంటి మందులకు కూడా ఈ గుణం ఉంది. ఒక్క మందు వల్ల సాధారణంగా ఏమీ కాదు. వాంతులూ విరేచనాలతో పొటాషియం, మెగ్నీషియం పడిపోయిన మనిషికి ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్‌తో పాటు ఇంకో క్యూటీ పెంచే మందు కూడా పడినప్పుడు, అందులోనూ గుండె వేగం తక్కువగా ఉన్నప్పుడు, ప్రమాదం ఒకదాని మీద ఒకటిగా పేరుకుంటుంది. మగవారి కంటే ఆడవారిలో ఇది ఎక్కువ.

అప్పుడు వచ్చే లయకు టోర్సాడ్ ద పాయింట్స్ అనే ఫ్రెంచి పేరు ఉంది. 1966లో ఫ్రాంస్వా దెసర్తెన్ దాన్ని వర్ణించారు. గీతల మొనలు కాసేపు పైకి, కాసేపు కిందికి తిరుగుతూ, అడుగు గీత చుట్టూ మెలి తిప్పిన రిబ్బనులాగా కనిపిస్తాయి. నేను దాన్ని ఒక్కసారే ప్రత్యక్షంగా చూశాను. ముందు ఒక ఎక్టోపిక్, తరువాత ఒక సుదీర్ఘమైన విరామం, ఆ విరామం తరువాత వచ్చిన మామూలు స్పందనలో టీ తరంగం ఇంకా సాగిపోయి, దాని వాలు మీద ఇంకో ఎక్టోపిక్, వెంటనే మెలికలు. ఆ క్రమం పుస్తకంలో చదివినట్లే కాగితం మీద నడిచింది. నర్సు అప్పటికే మెగ్నీషియం సిరంజిలోకి తీస్తున్నది. ఈ లయకు నరంలోకి మెగ్నీషియం ఇవ్వడం, కారణమైన మందును ఆపడం, పొటాషియం సరిచేయడం మొదటి వైద్యం, ఆగకపోతే ఛాతీకి విద్యుత్ షాక్. ఆ మనిషికి షాక్ అవసరం పడలేదు.

టీ తరంగం కాకుండా దాని ముందున్న ఎస్‌టీ భాగంలో జాడ చూపే జబ్బు బ్రుగాడా సిండ్రోమ్. 1992లో పెడ్రో, జోసెప్ బ్రుగాడా సోదరులు ఎనిమిది మంది రోగుల వివరాలతో దీన్ని ప్రకటించారు. వీ1, వీ2 లీడ్లలో గీత 2 మిల్లీమీటర్లు, లేదా అంతకన్నా ఎక్కువ ఎత్తున లేచి, అక్కడి నుంచి గుమ్మటంలాగా వంగుతూ జారి, తలకిందులైన టీ తరంగంలో కలిసిపోతుంది. ఈ జబ్బు మగవారిలో చాలా ఎక్కువ, ప్రమాదం తరచుగా నిద్రలో వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న యువకులు రాత్రి పడుకొని తెల్లవారేసరికి చనిపోయి కనిపించడానికి ఫిలిప్పీన్స్‌లో బంగుంగుట్ అని, థాయ్‌లాండ్‌లో లాయ్ తాయ్ అని, జపాన్‌లో పొక్కురి అని పూర్వం నుంచే పేర్లు ఉన్నాయి. అలాంటి మరణాలలో అనేకం వెనుక ఉన్నది బ్రుగాడాయేనని తరువాతి పరిశోధనలు సూచించాయి. ఈ నమూనా ఎప్పుడూ ఒకేలాగా ఉండదు, ఒక రోజు కనిపించి మరుసటి రోజు మాయమవుతుంది. జ్వరం వచ్చినప్పుడు బయటపడుతుంది, కాబట్టి ఈ జబ్బు ఉన్నవారు జ్వరాన్ని వెంటనే తగ్గించుకోవాలి. అనుమానం తీరకపోతే సోడియం ద్వారాలను అడ్డుకునే మందు ఇచ్చి, షాక్ యంత్రం పక్కనే పెట్టుకొని, వైద్యులు పరీక్ష చేస్తారు.

ఇక్కడ నా చేతి పని ఎంత ముఖ్యమో ఒక పొరపాటు నాకు నేర్పింది. వీ1, వీ2 లీడ్లు రొమ్ముటెముకకు అటూ ఇటూ నాలుగో పక్కటెముకల సందులో పెట్టాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో తొందరలో పక్కటెముకలు తడిమి లెక్కపెట్టకుండా, కంటి అంచనాతో రెండో సందులో పెట్టేశాను. అలా పైన పెడితే ఆరోగ్యవంతుల్లో కూడా బ్రుగాడాను పోలిన గీతలు పడవచ్చు. ఒక యువకుడు ఆ కాగితం వల్ల రెండు వారాలు నిద్రలేకుండా గడిపాడు. మళ్ళీ సరైన చోట తీసినప్పుడు ఏమీ లేదని తేలింది. అతని ముఖం నేను మరచిపోలేదు. ఇందులో ఇంకో విశేషం ఉంది: నిజంగా అనుమానం ఉన్నవారిలో వైద్యులు కావాలనే అవే లీడ్లను రెండో సందులో, మూడో సందులో పెట్టి తీయమంటారు, ఎందుకంటే జబ్బు మూలం కుడి జఠరిక నుంచి రక్తం బయటికి పోయే భాగంలో, ఆ ఎత్తులోనే ఉంటుంది. లీడు ఏ సందులో పెట్టానో కాగితం మీద రాయడం అప్పటి నుంచి నాకు నియమం.

అన్ని వింత నమూనాలూ భయపడవలసినవి కావు. ఎర్లీ రీపోలరైజేషన్ అనేది, అంటే నిటారు గీత దిగి ముగిసేచోట చిన్న నొక్కుగానో ఉబ్బుగానో కనిపించేది, ఆరోగ్యవంతులైన యువకుల్లో, ముఖ్యంగా క్రీడాకారుల్లో ఎంతో మామూలు. 2008లో ఫ్రాన్స్ వైద్యుడు ఐసగేర్ బృందం, కారణం తెలియని ఫిబ్రిలేషన్ వచ్చి బతికిన 206 మందిని పరిశీలించి, వారిలో 31 శాతం మందికి ఈ నమూనా ఉన్నదని, పోలికకు తీసుకున్న ఆరోగ్యవంతుల్లో అది 5 శాతమేనని చూపింది. ఆ సంఖ్యలను చూసి కంగారుపడితే తప్పు అర్థం చేసుకున్నట్లే. ఆ ఫిబ్రిలేషన్ అత్యంత అరుదైనది కాబట్టి, ఈ నొక్కు ఉన్నవారిలో దాదాపు అందరూ ఏ ఇబ్బందీ లేకుండా నిండు జీవితం గడుపుతారు. మూర్ఛ, కుటుంబంలో హఠాన్మరణం వంటి చరిత్ర తోడైనప్పుడే దానికి బరువు వస్తుంది. దీనికి విరుద్ధంగా, శ్రమలోనో ఉద్వేగంలోనో లయ తప్పే సీపీవీటీ అనే జబ్బులో పడుకొని తీసిన ఈసీజీ నిర్దోషంగా ఉంటుంది. పిల్లవాడిని ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తిస్తేనే, ఒక స్పందన పైకీ ఒకటి కిందికీ చూసే ప్రమాదకరమైన లయ బయటపడుతుంది. ఆటలో పడిపోయిన పిల్లవాడి ఈసీజీ బాగుందని చెప్పి ఇంటికి పంపకూడదన్నది అందుకే.

వయసు మళ్ళినవారిలో ఈ సుడిమంటకు అన్నిటికన్నా తరచైన కారణం పాత గుండెపోటు మిగిల్చిన మచ్చ అన్నది కూడా చెప్పాలి. మచ్చలో ప్రేరణ మెల్లగా, వంకరటింకరగా నడుస్తుంది, దాని చుట్టూ అల తిరగడానికి దారి ఏర్పడుతుంది. అక్కడ క్యూటీ కన్నా గుండె పంపింగ్ శక్తి ముఖ్యమైన కొలత. అది 35 శాతం, లేదా అంతకన్నా తక్కువకు పడిపోతే, తగిన మందులు వాడిన తరువాత కూడా పెరగకపోతే, ఛాతీలో ఐసీడీ అనే చిన్న షాక్ యంత్రం అమర్చే విషయం వైద్యులు ఆలోచిస్తారు. మిషెల్ మిరోవ్‌స్కీ సంవత్సరాల తరబడి పట్టుదలతో రూపొందించిన ఆ యంత్రాన్ని 1980లో మొదటిసారి మనిషికి అమర్చారు. యంత్రం లేనివారు కుప్పకూలితే పక్కనున్నవారి చేతులే ఆధారం. పిలిస్తే పలకకుండా, మామూలుగా శ్వాస తీసుకోకుండా, లేదా ఎగశ్వాసతో పడి ఉన్న మనిషికి వెంటనే ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కడం మొదలుపెట్టి, అత్యవసర సహాయానికీ షాక్ యంత్రానికీ కబురు చేయాలి. ఏ సహాయమూ అందకుండా గడిచే ఒక్కొక్క నిమిషానికీ బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం చొప్పున తగ్గిపోతుంది.

ఆ అలారం అమ్మాయికి గుండె మీద అడ్రినలిన్ ప్రభావాన్ని తగ్గించే బీటా బ్లాకర్ అనే మందు మొదలుపెట్టారు, ఫిట్స్ మందులు నిపుణుల సలహాతో మాన్పించారు, వాడకూడని మందుల జాబితా రాసిచ్చారు, మంచం పక్క నుంచి అలారం గడియారం తీసేయమన్నారు. ఈ జబ్బు సాధారణంగా తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వస్తుంది, వారి ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగానికి సగం ఉంటుంది. అందువల్ల వారం తరువాత ఇంటిల్లిపాదీ నా గదికి వచ్చారు. తండ్రిది మామూలుగా ఉంది, తమ్ముడిదీ మామూలుగా ఉంది. అయినా క్యూటీ మామూలుగా ఉన్నంత మాత్రాన జన్యులోపం లేదని చెప్పలేరు కాబట్టి అబ్బాయికి జన్యుపరీక్ష కూడా రాశారు. తల్లి తనకు కాన్పు సమయంలో తీసిన పాత ఈసీజీని భద్రంగా కవరులో పెట్టి తెచ్చింది. అది వేడితో అచ్చయ్యే కాగితం. తెరిచి చూస్తే గళ్ళు మిగిలాయి, గీత పూర్తిగా వెలిసిపోయింది. ఈసీజీ చేతికి రాగానే ఫోటో తీసుకోండి, లేదా జిరాక్స్ తీయించి పెట్టుకోండి అని నేను అందరికీ చెప్పేది ఇలాంటివి చూసిన తరువాతనే.

ఆమెను పడుకోబెట్టి కొత్తది తీశాను. స్పందనల మధ్య 22 గళ్ళు, క్యూటీ పన్నెండు. లెక్కవేస్తే 512 వచ్చింది. నేను పెన్సిలు పెట్టి రెండోసారి కొలుస్తుండగా ఆమె పైకప్పు వైపు చూస్తూ, "చిన్నప్పుడు బడి గంట మోగితే నేనూ ఒకసారి పడిపోయానండీ, ఎండ దెబ్బ అన్నారు," అంది.